తిన్నాక పడుకునే నీడ

మధ్యాహ్నం చెల్లసామి తిని చెయ్యి కడుక్కునేసరికి అతని నీడ అరుగు మీద పడుకుని ఉంటుంది. రోజూ ఉండేదే. అతను చొక్కా తొడుక్కుంటాడు, మొహానికి పౌడరు రాసుకుంటాడు, నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలకీ న్యాయం జరిగేట్టు దువ్వుకుంటాడు, చెప్పులేసుకుని వీధిలోకి దిగి, "ఏయ్, లెయ్యి, బస్సుకు పొద్దయింది" అంటాడు. నీడ అటు తిరిగి పడుకుంటుంది. కోవిల్‌పట్టి ఎండలో ఆ వేళకి అందరి నీడలూ యజమానుల పాదాల కింద ముడుచుకుని ఉంటే, ఇతనిది మాత్రం కాళ్ళు బారజాపి, పొట్ట మీద చెయ్యేసుకుని, పెళ్ళి భోజనం చేసొచ్చిన వియ్యంకుడిలా ఉంటుంది.

"ఇంగ పిలిచి ఏమి లాభం మామా, నువ్వు పో. లేచినాక పంపిస్తా" అంటుంది అతని భార్య ముత్తుప్పేచ్చి. ఆమె అరుగు రెండో చివర కూర్చుని అగ్గిపెట్టెల అట్టలకు బంక పూస్తూ ఉంటుంది. కంపెనీ వాళ్ళు అట్టలిచ్చి పోతారు, సాయంత్రానికి తట్టల కొద్దీ పెట్టెలు పట్టుకుపోతారు.

ఎదురింటి పెరియనాయగి అవ్వ ఊరుకోదు. "ఏమప్పా చెల్లసామీ, ఈ పొద్దు కూడా ఒంటిగానే పోతుండావా?"

"పండుకోనుండాది అవ్వా."

"పాపం. ఏమి కష్టపడిందో."

బస్సులో కండక్టర్ పాండియరాజన్ అతన్ని చూసి, కింద నేల చూసి, "పెద్దాయన వెనక బస్సుకి వస్తారా మాస్టర్?" అని అడుగుతాడు. నీడ అంటే అతనికి చెల్లసామి కంటే ఎక్కువ మర్యాద. నీడ లేచాక ఏదో ఒక బస్సు పట్టుకుని వస్తుంది, ఎవరి మూట నీడ పక్కనో సర్దుకుని కూర్చుంటుంది. ఒకసారి మాత్రం సాత్తూరు బస్టాండులో పిందె దోసకాయలమ్మే ఆమె నీడ పక్కన దిగిపోయి ఆ పూటకి రానే లేదు. ఆ సంగతి ముత్తుప్పేచ్చి ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. నీడ చేసిన పనికి మనిషి జవాబు చెప్పుకోవాల్సి రావడం చెల్లసామికి అన్యాయంగా తోస్తుంది.

పరోటా మాస్టరుకు నీడ లేకపోవడం చిన్న సంగతేమీ కాదు. విరుదునగర్‌లో నల్లసామి అణ్ణాచ్చి అంగడిలో పెనం వీధి వైపు ఉంటుంది, వెనక తెల్లటి సున్నం గోడ, ముందు పెద్ద బల్బు. చెల్లసామి మైదా ముద్దని బల్ల మీద కొట్టి గాల్లోకి విసిరితే గోడ మీద అతని నీడ దుప్పటంత పరోటా విసురుతుంది. నూనె పరోటాకి ఆ ఊళ్ళో అంగళ్ళు కొల్లలు, కానీ పిల్లలు గోడ చూడ్డానికే తండ్రుల చెయ్యి పట్టి ఇక్కడికి లాక్కొచ్చేవాళ్ళు. నీడ ఆలస్యంగా వచ్చిన రోజు గోడ బోసిగా ఉండేది. "సగం మాస్టరే వచ్చినాడు ఈ పొద్దు" అని అణ్ణాచ్చి గొణిగేవాడు.

నీడకు ఈ నిద్ర పట్టింది చెల్లసామికి షుగరొచ్చిన ఏడాదే. రెండిటినీ కలిపి చూడాలని ఎవరికీ తోచలేదు. తిన్నవాళ్ళెవరైనా కాస్త నడుం వాలుస్తారు, మనిషి తినడానికి వేళ ఉంటే నీడ పడుకోవడానికి వేళ ఉండదా అనుకున్నారు.

షుగరు అతన్ని పెద్దగా బాధపెట్టలేదు, అదే దానితో వచ్చిన చిక్కు. కాళ్ళలో తిమ్మిరి మొదలైంది, ఆ తరవాత తిమ్మిరి కూడా పోయింది, ఏమీ లేదు. కిందటేడు పొయ్యిలోంచి నిప్పుకణిక జారి అతని కుడి పాదం మీద పడింది. అతను పరోటా తిప్పుతూనే ఉన్నాడు. వాసన పట్టింది బల్ల దగ్గర కూర్చున్న గిరాకీ. ఆ పుండు మానలేదు. పెద్దాసుపత్రిలో చిటికెన వేలు తీసేశారు. డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, మెల్లగానే చెప్పింది: "ఇప్పటికి వేలితో పోయింది చెల్లసామీ. షుగరు ఇట్లాగే ఉంటే ఈసారి పాదం."

పరోటా మాస్టరు చేతులతో బతుకుతాడని లోకం అనుకుంటుంది. కాళ్ళతో బతుకుతాడు. మధ్యాహ్నం పెనం ముందు నిలబడితే అంగడి మూసేదాకా నిలబడే ఉండాలి. చెల్లసామికి పని నేర్పిన ముత్తురాజ్ మాస్టరు పాదం పోయాక ఇప్పుడు ఒక మెస్సులో వెనక గదిలో కూర్చుని ఉల్లిపాయలు కోస్తున్నాడు. ఒకప్పుడు రెండు చేతులా రెండు పరోటాలు ఎగరేసిన మనిషి. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి ఎవరూ ఏమీ అడగరు, ఉల్లిపాయలు కదా. ఆ గది గుర్తొస్తే చెల్లసామి తన కాళ్ళ వైపు చూసుకునేవాడు.

అందుకే డాక్టరమ్మ "అన్నం తగ్గించాలి" అనగానే అతను లేచి నిలబడ్డాడు. "తగ్గించేదేంది తల్లీ. మానేస్తా." ఆమె ఇంకా ఏదో చెప్పబోతోంది. అప్పటికే అతను చేతులు జోడించి గుమ్మం దాటేశాడు, పదవికి రాజీనామా చేసిన మంత్రిలాగా.

ఆడిన మాట తప్పలేదు కూడా. ఆ రోజు నుంచి అన్నం మెతుకు ముట్టుకోలేదు.

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. వాళ్ళది ఎప్పుడో ఏ తరంలోనో తెలుగుదేశం నుంచి వచ్చి ఆ నల్లరేగడి సీమలో స్థిరపడిన కుటుంబం. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. తమిళుల పురటాసి నెలలో శనివారాలు పెరుమాళ్ళకు ఒక్కపొద్దు ఉంటారు. ఒక్కపొద్దు నాడు రాత్రి అన్నం తినకూడదు, పలహారం చెయ్యొచ్చు. ఇడ్లీ అయినా దోసె అయినా, ఎన్నయినా. పది ఇడ్లీలు తిన్నా మనిషి పస్తున్నట్టే లెక్క, పెరుమాళ్ళు కూడా ఇన్నేళ్ళుగా ఒప్పుకుంటూనే ఉన్నాడు. పెరుమాళ్ళు ఒప్పుకున్న లెక్కని షుగరు మాత్రం ఎందుకు ఒప్పుకోదు?

కాబట్టి చెల్లసామి పొద్దున్నే ఇడ్లీలు తినేవాడు. మధ్యాహ్నం కుండెడు సజ్జ సంగటి, తాతలనాటి తిండి, దాన్ని అనుమానించడం తాతల్ని అనుమానించడమే. సాయంత్రం అంగట్లో అంచులు చిరిగి అమ్మకానికి పనికిరాని పరోటాలు, సాల్నా అనే మసాలా పులుసు పోసుకుని. పనయ్యాక ఇంటికెళ్ళి చపాతీలు, ఎందుకంటే చపాతీ షుగరు వాళ్ళ కోసమే పుట్టిందని ఊరంతా అంటుంది. ఇంత తిని, పడుకునేటప్పుడు ముత్తుప్పేచ్చితో నీరసంగా అనేవాడు, "అన్నం తిని ఎన్నాళ్ళయిందే పేచ్చీ." ఆమెకు నిజంగానే జాలేసేది.

రక్తపరీక్ష కాగితం మాత్రం జాలిపడలేదు. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకి పట్టి ఒకసారి, కిందికి దించి ఒకసారి చూసింది.

"ఏం తింటున్నావు?"

"అన్నం ముట్టలేదు తల్లీ. కావాలంటే దీన్ని అడగండి."

"ముట్టలేదమ్మా" అంది ముత్తుప్పేచ్చి. "ఒక్కపొద్దున్నట్టే ఉండాడు."

"మరి పొద్దున?"

"ఇడ్లీ."

"ఇడ్లీ దేంతో చేస్తారు?"

"పిండితో."

"పిండి దేంతో?"

చెల్లసామి బాగా ఆలోచించి, "మిషన్లో రుబ్బిస్తాం" అన్నాడు.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కోప్పడలేదు. బియ్యమే ఇడ్లీ అయిందనీ, గోధుమ చపాతీ అయినా మైదా పరోటా అయినా సజ్జ సంగటి అయినా కడుపులోకి పోయాక అంతా చక్కెరగానే రక్తంలో కలుస్తుందనీ, సజ్జలు మంచివే గానీ కుండెడు మంచివి కావనీ, కూరలు, గుడ్లు, మాంసం, మజ్జిగ ఎక్కువ తిని ఈ పిండి తిండి గుప్పెడికి తెచ్చుకోమనీ ఓపికగా చెప్పింది. తిండి మార్చాక షుగరు మరీ పడిపోకుండా మాత్రలు కూడా సరిచూడాలి, తనని అడగకుండా ఏదీ ఆపొద్దంది. చెల్లసామి అన్నిటికీ తలూపాడు. బయటికొచ్చి, "పెద్ద చదువు చదివిన ఆయమ్మే. ఒక్కపొద్దు సంగతి పాపం తెలీదు" అన్నాడు.

ముత్తుప్పేచ్చికి చేతుల్లో పనుంటేనే ఆలోచన సాగుతుంది. మర్నాడు అరుగు మీద కూర్చుని అట్ట మడిచి, బంక పూసి, పెట్టె నిలబెట్టి, పక్కన పడుకున్న నీడ వైపు చూసింది. ఇన్నాళ్ళూ దాన్ని తొక్కకుండా జరగడమే గానీ చూసింది లేదు. ఆ రోజు నుంచి చూడ్డం మొదలుపెట్టింది.

నాలుగైదు రోజులయ్యాక చెప్పింది. "మామా, ఇడ్లీ తింటే నీ నీడ ఒక తట్ట పెట్టెలయిందాకా లెయ్యదు. సంగటి తింటే తట్టన్నర. నిన్న పెరియనాయగి అవ్వ పంపిన సేమ్యా తిన్నావే, అట్టలయిపోయినాయి గానీ అది లెయ్యలేదు."

"దానికి అలుపు."

"నీకంటే జాస్తి అది ఏమి పని చేస్తుంది?"

"విసిరేది నేను. ఎగిరేది అది" అన్నాడు చెల్లసామి. ఈ జవాబు అతనికి చాలా నచ్చి బస్సులో పాండియరాజన్‌కి కూడా చెప్పాడు.

ఒక రోజు పొద్దున్నుంచీ కరెంటు లేదు. మిషను ఆడలేదు, పిండి లేదు. సంగటికి సజ్జలూ నిండుకున్నాయి. ముత్తుప్పేచ్చి ఇంట్లో ఉన్నవాటితో వండింది: గుడ్లు ఉడకేసింది, మునగాకు కొబ్బరేసి వేయించింది, గోరుచిక్కుళ్ళు తాలింపు పెట్టింది, చెంబెడు మజ్జిగ. చెల్లసామి కంచం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదంతా నంజుకునేది. తినేదేదే?"

"అదే తినేది."

"గుడ్డు దేంట్లో కలుపుకోవాలి?"

"నోట్లో" అంది లోపల జడ వేసుకుంటున్న కూతురు ఇసక్కిసెల్వి. ప్లస్ టూ చదువుతోంది, నోరు అప్పటికే డిగ్రీ పూర్తి చేసింది.

అతను ఇల్లొదిలి అడవికి పోయేవాడిలా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, పౌడరు రాసుకుని వీధిలోకి రాబోయి ఆగిపోయాడు. నీడ అప్పటికే వీధిలో నిలబడి ఉంది. బిగుతుగా, నల్లగా, ఆ వేళకి ఉండాల్సినంత పొట్టిగా, బస్సుకు వేళయిందన్నట్టు చూస్తోంది. అరుగు మీద చివరి పెట్టెకు పూసిన బంక ఇంకా ఆరలేదు.

"ఈ పొద్దు జోడుగా పోతుండావే" అంది పెరియనాయగి అవ్వ.

ముత్తుప్పేచ్చి లేచి బంక గిన్నె తెచ్చి అతని ముందు పట్టింది. "ఇది ఏమి మామా?"

"బంక."

"దేంతో కాస్తాం?"

చెల్లసామి ఈసారి మిషను మాట ఎత్తలేదు. "మైదా" అన్నాడు.

"నేను పొద్దున పెట్టెలకు పూస్తా. నువ్వు మాపటికి కడుపుకు పూస్తుండావు. పెట్టె అతుక్కుంటే విడిపించేదానికి చించాల్సిందే. ఆసుపత్రిలో ఆయమ్మ చెప్పింది అదే."

ఆ మధ్యాహ్నం నుంచి ఆ ఇంట్లో తిండి తలకిందులైంది. తినేది నంజుకోవాలి, నంజుకునేది తినాలి. కంచం నిండా పొట్లకాయో చిక్కుడో, గుడ్డో చేపో, ఆదివారమైతే మాంసం. మూల చిన్న గరిటెడు అన్నం, ఊరగాయ పెట్టే చోట. కూర తిను, అన్నం నంజుకో అన్నది ముత్తుప్పేచ్చి శాసనం. సాయంత్రం ఆకలికి ఉడకేసిన వేరుశనక్కాయలు మూటగట్టి ఇచ్చేది. వేరుశనగ చిక్కీకి పేరుమోసిన కోవిల్‌పట్టిలో పాకంలో వెయ్యని శనక్కాయ తినడమంటే ఊరి పరువు తీసినట్టే, అందుకని అతను బస్సులో కిటికీ వైపు తిరిగి తినేవాడు. సాత్తూరులో పిందె దోసకాయలు కొనుక్కోవడానికి మాత్రం ఇంటి నుంచి అనుమతి దొరికింది. అమ్మే మనిషి మగవాడైతేనే.

ఏది ఎంత తినొచ్చో నీడే చెప్పేది. ముత్తుప్పేచ్చి వడ్డించి గుమ్మంలోకి చూసేది. చిలగడదుంప వేసిన రోజు అది గోడకి ఆనుకుంది, దుంప మానేశారు. పెసరట్టు ఒకటికి నిలబడింది, మూడో దానికి చతికిలబడింది, ఒకటే ఖాయం చేశారు. ఇసక్కిసెల్వి దీన్ని మహా ఉత్సాహంగా నడిపించేది.

"నైనా, నీడకు ఆవులింత వొచ్చింది. ఆ రెండో గరిటె ఎవరిది?"

"మీయమ్మ వేసింది."

"అమ్మ బావి కాడ ఉండాది."

మొదటి వారాలు అతను బాధపడలేదని కాదు. అన్నం లేని కంచం ముందు కూర్చుంటే అతనికి చుట్టాలింట్లో భోజనానికి పిలవకుండా కూర్చోబెట్టినట్టుండేది. వీధిలో మాటలు కూడా వచ్చాయి. పెళ్ళాం మొగుడికి కూడు పెట్టడం లేదనీ, పెట్టెలు అతికిన డబ్బంతా గుడ్లకే పోస్తోందనీ. ముత్తుప్పేచ్చి విన్నది గానీ చెయ్యి ఆపలేదు.

వానల నెల ఐప్పసిలో ఒక సాయంత్రం వాన కొట్టింది. విరుదునగర్‌లో వాన అంటేనే పండగ, దానికి తోడు పెనం మీద నూనె చిటపటలు, సాల్నా వాసన తడి గాలిలో బయటికి పోలేక అంగట్లోనే తిరుగుతోంది. చెల్లసామి ఒక పరోటా చించి నోట్లో వేసుకున్నాడు, ఉప్పు చూడ్డానికి. రెండోది తిన్నాడు, మొదటి దానికి తోడుగా. మూడోదానికి కారణం వెతుక్కోలేదు.

గోడ మీద నీడ మైదా విసురుతూ ఉన్నది ఉన్నట్టుండి తల వాల్చింది. దుప్పటంత పరోటా నీడ గాల్లో ఒక్క క్షణం నిలిచి, మెల్లగా దాని నెత్తి మీద కప్పుకున్నట్టు పడింది. నీడ గోడ వెంట కిందికి జారి, మైదా బస్తా మీద తల పెట్టుకుని పడుకుంది. బల్లల దగ్గరి వాళ్ళు తినడం ఆపి చూశారు.

"అణ్ణాచ్చీ, మాస్టర్ తినేసినారు" అన్నాడొక గిరాకీ, సాల్నా అయిపోయిందని చెప్పినంత మామూలుగా.

"ఎన్ని?" అన్నాడు నల్లసామి అణ్ణాచ్చి గల్లా దగ్గర్నుంచి.

"పడుకున్న తీరు చూస్తే మూడు."

చెల్లసామి పని ముగించుకుని ఇల్లు చేరేలోపు కబురు పాండియరాజన్ బస్సులో ముందే చేరిపోయింది. మర్నాడు మధ్యాహ్నం ముత్తుప్పేచ్చి కంచం పెట్టింది. గుడ్లు, పొట్లకాయ, మజ్జిగ. మూల, అన్నం ఉండే చోట, బంక గిన్నె.

"ఇది నంజుకో" అంది.

అతను నవ్వబోయి ఆమె మొహం చూశాడు. ఆమె అతని కుడి పాదం వైపు, చిటికెన వేలు లేని చోటు వైపు చూస్తోంది. "ఆ ముత్తురాజ్ అన్న పెండ్లాన్ని నిన్న అంగట్లో చూసినా మామా. ఆయన్ని పొద్దున ఎత్తుకోని పొయ్యి కూర్చోబెట్టి, రాత్రికి ఎత్తుకోని వొస్తుందంట. నాకు అంత బలం లేదు" అంది.

చెల్లసామి బంక గిన్నె తీసి పక్కన పెట్టి, తినడం మొదలుపెట్టాడు. ఆ తరవాత అతను ఉప్పు చూడ్డం మానేశాడు. పరోటాల్లో ఉప్పు ఎప్పట్లాగే సరిగ్గా ఉండేది, అది వేరే సంగతి.

పొంగలి పండగ పోయాక పరీక్ష చేయించుకున్నప్పుడు డాక్టరమ్మ కాగితాన్ని వెలుతురుకి పట్టలేదు. చూసి, మాత్రలు తగ్గించి రాసింది. "ఇప్పుడేం తింటున్నావు?" అంది.

"అన్నం నంజుకుంటుండా తల్లీ."

ఆమె తల పంకించి, "పాదాలు రోజూ చూసుకో. షుగరు దిగినా కాళ్ళకు ఎరుక అంత తొందరగా రాదు" అని చెప్పింది. అతను చూసుకుంటానన్నాడు. పైవైపు చూసుకునేవాడు కూడా. అరికాలు చూసుకోవడానికి పొట్ట అడ్డం.

ఎండలు ముదురుతున్న రోజులు. ఒక పొద్దున చెల్లసామి రోజూలాగే వీధి చివర సీమతుమ్మ చెట్ల మధ్య దారిన వెళ్ళి ఆకుకూర కొనుక్కుని తిరిగొస్తున్నాడు. పొద్దుటెండకి నీడ అతని పక్కన పొడుగ్గా సాగి ఉంది. ఇసక్కిసెల్వి గుమ్మంలో పళ్ళు తోముకుంటూ చూసి, బ్రష్షు తీసింది.

"నైనా, నీడ కుంటుతుండాది."

"నేను బాగానే నడుస్తుండానే."

"నువ్వు కాదు. అది."

అతను ఆగి, వెనక్కి నాలుగడుగులు వేశాడు, ముందుకు వేశాడు. అతని అడుగులు సమంగా పడుతున్నాయి. నేల మీద నీడ మాత్రం కుడికాలు ఆనించీ ఆనించకుండా, మడమ ఎత్తి ఎత్తి వస్తోంది. పెరియనాయగి అవ్వ కూడా అరుగు దిగి వచ్చి చూసింది. ఈసారి వేళాకోళం ఆడలేదు. "కుడికాలు" అంది.

"నాకేం నొప్పి లేదే" అన్నాడు చెల్లసామి. నిప్పుకణిక పడ్డ రోజు కూడా అతనికి నొప్పి లేదు.

ముత్తుప్పేచ్చి పరుగున వచ్చి అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి చెప్పు లాగింది. రబ్బరు చెప్పు అడుగున సీమతుమ్మ ముల్లు విరిగిన మొదలు కనిపించింది. పాదం ఒళ్ళోకి తీసుకుని మడమ తిప్పి చూసింది. ఆవగింజంత నల్లటి చుక్క, దాని చుట్టూ లేత ఎరుపు. బొటనవేలితో నొక్కింది. చెల్లసామి ఆమె మొహంకేసి చూస్తూ ఉన్నాడు, ఆమె ఎక్కడ నొక్కుతోందో కూడా అతనికి తెలీలేదు. గోడ మీద నీడ కాలు విదిలించుకుని వెనక్కి లాక్కుంది.

"అట్ల నొక్కద్దమ్మా" అంది ఇసక్కిసెల్వి. "దానికి నొప్పిగా ఉండాది."

ముత్తుప్పేచ్చి చెయ్యి తీసేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మడమ కోసి ముల్లు తీసి పళ్ళెంలో వేసింది. వేలి కణుపంత ఉంది. "ముల్లు నిన్నమొన్నటిది, లోపల చీము ఇప్పుడే మొదలవుతోంది. నాలుగు రోజులు పోయి వచ్చుంటే మనం పాదం గురించి మాట్లాడుకునేవాళ్ళం" అంది. దూది అద్దుతూ అడిగింది, "నీకు తెలీదు కదా. ఎట్లా కనిపెట్టారు?"

"నీడ కుంటింది తల్లీ."

"మేలుకునే ఉంటోందన్నమాట" అంది ఆమె, కట్టు కడుతూ.

చెల్లసామికి వానరోజు మైదా బస్తా మీద తల పెట్టుకుని పడుకున్న నీడ గుర్తొచ్చింది. పడుకున్న నీడ కుంటదు. ముల్లు లోపల ఉన్నా, నిప్పు లోపల ఉన్నా, హాయిగా పొట్ట మీద చెయ్యేసుకుని పడుకునే ఉంటుంది. అతను ఒంగి, పక్క బెంచీ మీద కూర్చున్న భార్య చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళకి బంక ఇంకా అతుక్కునే ఉంది. ఆసుపత్రిలో అందరి ముందూ ఇదేంటన్నట్టు చూసింది గానీ ఆమె చెయ్యి లాక్కోలేదు.

కొన్నాళ్ళు కాలు కింద పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. చెల్లసామి రెండు రోజులు ఓర్చుకున్నాడు. నొప్పి లేని కాలుకి సెలవు పెట్టుకుని ఇంట్లో కూర్చోవడం అతనికి చేతకాలేదు. మూడో మధ్యాహ్నం ముత్తుప్పేచ్చి కూలి డబ్బుల కోసం కంపెనీకి పోయిన సందు చూసి బస్సెక్కేశాడు. నీడ వెనకే వచ్చింది, కుంటుకుంటూ.

దీపాలు పెట్టగానే పెనం వేడెక్కింది. చెల్లసామి ముద్దలు చేసి, కొట్టి, విసిరాడు. గోడ మీద నీడ కూడా విసిరింది, ఒంటికాలి మీద. అయిదారు విసిరేసరికి అది గోడ అంచు పట్టుకుంది. తినేవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మాస్టర్, కాస్త ఆగరాదా? అది నిలబడలేకుండా ఉంది" అన్నాడొకాయన.

"నాకేం లేదన్నా."

"మిమ్మల్ని ఎవరడిగినారు?"

నల్లసామి అణ్ణాచ్చి గల్లా దగ్గర్నుంచి లేచాడు. మాస్టరు కూర్చుంటే పరోటా కూడా కూర్చుండిపోతుందనేది ఆయన సిద్ధాంతం. తన అంగట్లో ఇంతవరకు ఏ మాస్టరునీ కూర్చోనివ్వలేదు. ఆయన తను కూర్చునే స్టూలు చేత్తో పట్టుకుని వచ్చి, పెనానికీ గోడకీ మధ్య పెట్టి, పైన తుండుతో ఒకసారి తుడిచాడు.

"అణ్ణాచ్చీ, నాకెందుకు ఇదంతా" అన్నాడు చెల్లసామి.

"నీకు కాదప్పా. దానికి."

చెల్లసామి గోడ వైపు చూశాడు. నీడ స్టూలు నీడ పక్కన చేరి, ఒక చెయ్యి దాని మీద ఆనించి, ఎదురు చూస్తోంది. నిద్రకైతే అది ఎవర్నీ అడగదు గానీ, మేలుకున్న నీడ మనిషి కూర్చుంటే తప్ప కూర్చోలేదు, అంత స్వతంత్రం దానికి లేదు. అతను చుట్టూ చూసి, చేతులు తుడుచుకుని, కొత్త కోడలు పీట మీద కూర్చున్నట్టు అంచున కూర్చున్నాడు. గోడ మీద నీడ భారంగా కూలబడి, కుడికాలు చాపి, వంగి మడమ రుద్దుకోవడం మొదలుపెట్టింది. చాలా సేపు, తీరుబడిగా.

దాన్ని చూస్తుంటే చెల్లసామి చెయ్యి కూడా దానంతటదే కిందికి పోయింది. కట్టు మీద నుంచే మడమ రుద్దాడు. ఏమీ లేదు. కాస్త గట్టిగా నొక్కాడు. ఎక్కడో చాలా దూరం నుంచి, సాత్తూరు అవతల్నుంచి బయల్దేరి బస్సులు మారి వచ్చినట్టుగా, సన్నగా, సూదిమొనంత, చురుక్కుమంది. అతను కదలకుండా ఉండి, మళ్ళీ నొక్కాడు. మళ్ళీ వచ్చింది.

పెనం మీద పరోటా మాడుతున్న వాసనకి అణ్ణాచ్చి పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది మాస్టర్?"

"నొప్పి పుడుతోంది అణ్ణాచ్చీ" అన్నాడు చెల్లసామి, పెళ్ళి కుదిరిన కుర్రాడి మొహంతో.